చిన్నాన్నకు చెప్పిన బాక్టీరియా పాఠం

ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివే రోజుల్లో అనకాపల్లి నుంచి విశాఖపట్నానికి రోజూ రైల్లో వెళ్లి వచ్చేదాన్ని. జెనెటిక్స్ నాకు కొరుకుడు పడేది కాదు. ఇంగ్లీషులో బట్టీపట్టి పరీక్షలు గట్టెక్కేదాన్ని.

ఒకసారి ల్యాబ్‌లో రెండు రకాల బాక్టీరియాను కలిపాం. ఒకటి ఆంటీబయాటిక్‌ను తట్టుకుంటుంది, రెండోది చచ్చిపోతుంది. కాసేపు కలిపి ఉంచి, మందున్న ప్లేటు మీద పరిచాం. మర్నాడు చూస్తే, చావాల్సిన రకం కూడా తన వేరే రంగుతో చిన్న చిన్న చుక్కలుగా పెరిగి ఉంది. మొదటిది తన జన్యువుల్లో కొన్నిటిని దానికి అందించింది. పుస్తకంలో చదివిన సంగతే అయినా, కళ్లతో చూసేసరికి ఆ ప్లేటును పదేపదే వెలుతురుకు ఎత్తి చూశాను.

ఆ నెలలోనే తుమ్మపాలలో ఉండే చిన్నాన్నకు జ్వరం వచ్చింది. చెరకు నరికే రోజులు. మందుల షాపులో మాత్రలు కొనుక్కుని, జ్వరం దిగగానే మానేసి పొలానికి పోయాడు. అది తిరగబెట్టింది. నేను వెళ్లేసరికి అవే మాత్రలు మళ్లీ తెప్పించుకుని మంచం మీద ఉన్నాడు.

“మందులు మధ్యలో మానీసేవేటి చిన్నాన్నా?” అన్నాను.

“తగ్గిపోనాది గదే.”

“రక్తం పరీక్ష చేయిద్దాం. ఏ మందుకి లొంగుతాదో తెలుస్తాది.”

“నువ్వేటి, డాక్టరువా?”

“కాదు. జ్వరం తెచ్చే ఆ పురుగుల గురించే చదువుతున్నాను.”

“అయితే సెప్పు. ఏటి సేత్తాయవి?”

నాకు తెలిసినవన్నీ ఇంగ్లీషు మాటలే. వాటిని పక్కనపెట్టి మొదలుపెట్టాను. మందు మధ్యలో ఆపేస్తే గట్టివి మిగిలి పెరుగుతాయని, మందును తట్టుకునే గుణాన్ని ఒకటి ఇంకోదానికి అందించగలదని, అది నేను చూశానని చెప్పాను. చెబుతుంటే నాకే పాఠం అర్థమవసాగింది.

చిన్నాన్న లేచి కూర్చున్నాడు. “మీ పిన్నిని సొక్కా తెమ్మను. ఎల్దాం.”

పరీక్షలో టైఫాయిడ్ అని తేలింది. ఆయన వాడుతున్న మాత్రలకు అది లొంగదట. డాక్టరు మందు మార్చాడు. ఈసారి చిన్నాన్న ఒక్క పూట కూడా తప్పకుండా వాడి లేచి తిరిగాడు.

తర్వాత ఓ ఆదివారం చర్చి నుంచి అటే వెళ్లాను. అరుగు మీద చిన్నాన్న తన బావతో అంటున్నాడు: “మందు సగంలో ఆపీకు బావా. ఆ పురుగులు పక్కోటికి కిటుకు సెప్పీత్తాయి.”

ఆ ఏడాది జెనెటిక్స్ పేపరు బట్టీ పట్టకుండా రాశాను. ఇప్పుడు డిగ్రీ పిల్లలకు అదే పాఠం చెబుతున్నాను. బోర్డు మీద ఆ జన్యువుల అందజేతకు ఉన్న ఇంగ్లీషు పదం రాసి, పక్కనే ‘కిటుకు’ అని రాస్తాను.