తెల్లమీసాల సవతి

మొన్న మనవరాలు ఫోనులో ఒకటే గునుస్తోంది, మొగుడు ఇంటికొచ్చినా 'మా బాస్, మా బాస్' అంటూ ఆ పెద్దమనిషి జపమే చేస్తున్నాడట. నాకు నవ్వొచ్చింది. దాని వయసులో నాకూ ఒక సవతి ఉండేది, కాకపోతే ఆ సవతికి తెల్లటి గుబురు మీసాలుండేవి.

డెబ్బైల మాట. మేం జంషెడ్‌పూర్‌లో, బర్మామైన్స్ అనే పేటలో ఒక ఇరుకు సందులో కాపురం ఉండేవాళ్ళం. మావారు రోజూ సైకిలు మీద సోనారి ఏరోడ్రోముకు వెళ్ళి, అక్కడ విమానం నడపడం నేర్పే క్లబ్బులో ఇంజన్లు బాగుచేసేవారు. ఆ క్లబ్బుకు పెద్ద, మావారి నోట 'సాబ్', ప్రపంచయుద్ధంలో శత్రు విమానాలను కూల్చి పతకాలు తెచ్చుకున్నవాడు, యుద్ధం అయ్యాక అప్పుడే తయారైన విమానాలను మొదటిసారి పైకి తీసుకెళ్ళి, అవి నిలుస్తాయో కూలుతాయో చూసే ఉద్యోగంలో జుట్టు నెరిసినవాడు. ఊరందరికీ ఆయన వీరుడే గాని, నాకు మాత్రం ఆ పేరెత్తితే ఒళ్ళు మండేది. నేను కట్టింది కొత్తచీరో పాతచీరో తెలియని మనిషికి, సాబ్ ఆ పూట ఏ రంగు మఫ్లరు చుట్టుకున్నాడో మాత్రం తెలిసేది!

సాబ్ దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. ఇంజను విప్పి బిగించినవాడే, ఆ విమానాన్ని పరీక్షించేటప్పుడు తన పక్కన కూర్చోవాలి. తన ప్రాణం కూడా అందులో ఉంటే ఎవడూ మర వదులుగా బిగించడని ఆయన నమ్మకం. మావారికి అది పండగ. ఆ రోజు నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరేవారు. నాతో సినిమాకైనా ఏనాడూ అలా తయారైంది లేదు. పడిపోతారేమోనన్న భయం కన్నా నాకు ఆ కడుపుమంటే ఎక్కువ.

మా పెద్దమ్మాయి కడుపులో ఉండగా, ఒక పొద్దున్న ఆయన అద్దం ముందు క్రాపు దువ్వుకుంటుంటే ఇక ఉండబట్టలేకపోయాను.

"నాను కావాలో, నీ సాబ్ కావాలో తేల్చీ. ఇయేళ నువ్వు గాల్లోకెగిరితే నాను పేసింజరెక్కీసి మాయమ్మకాడికెల్లిపోతాను, సూత్తుండు" అని మా ఊరి యాసలో అనేశాను.

ఆయన దువ్వెన కింద పెట్టి, సైకిలెక్కి వెళ్ళిపోయారు.

మాట వింటారో లేదో చూద్దామని, అన్నం క్యారియర్ నెపంతో మధ్యాహ్నం ఆటోలో సోనారికి నేనే వెళ్ళాను. విమానం పైన తిరుగుతోంది, మావారు కింద తలెత్తి నిలబడి ఉన్నారు. గెలిచాననుకున్నాను. కానీ నేను వెళ్ళి పక్కన నిలబడ్డా ఆయన చూపు కిందికి దిగలేదు.

సాబ్ దిగి నేరుగా నా దగ్గరికే వచ్చాడు. నా బెదిరింపు సంగతి మావారు చెప్పే ఉంటారు, తిడతాడని కొంగు బిగించుకుని నిలబడ్డాను. ఆయన హిందీలో మెల్లగా, తన భార్య కూడా ఒకనాడు ఇలాగే అడిగిందనీ, తను వినకుండా ఎగిరాడనీ, దిగి ఇంటికెళ్ళేసరికి ఆమె ఇల్లు విడిచి వెళ్ళిపోయిందనీ చెప్పాడు. మావారి భుజం మీద చెయ్యి వేసి, "వీణ్ణి చూస్తే నాకు అసూయగా ఉంది, బహూ" అన్నాడు, కోడల్ని పిలిచినట్టు.

తర్వాత మావారు క్లబ్బు మానేసి ఉక్కు కార్ఖానాలో చేరి, షిఫ్టు దిగగానే ఇల్లు చేరేవారు. నేను తప్పు చేశానని ఇప్పటికీ అనుకోను. అన్నం దగ్గర సాబ్ కబుర్లు మాత్రం ఆగిపోయాయి, వాటికోసం నేను చెవులు రిక్కించిన రోజులూ ఉన్నాయి. ఇప్పుడు సోనారిలో ఆ ఆనవాయితీ ఎరిగినవాళ్ళెవరూ లేరు. సాబ్ పోయాడు, మొన్న వానాకాలంలో ఈయనా పోయారు. ఆ పైలోకంలో మళ్ళీ ఆ మీసాలాయన పక్కన చేరి, నా ఊసే లేకుండా తిరుగుతుంటారని తోస్తే, ఈ వయసులో కూడా నాకు నిద్ర పట్టదు.