లెక్కలు రాకుండా చేయమని

డెబ్భైల మొదట్లో భవానీపురంలో మా సంఘపు సండేస్కూలు నేనే నడిపేదాన్ని. ఒకసారి గవర్నర్‌పేటలో సండేస్కూలు టీచర్లకు శిక్షణ కూటం పెడితే వెళ్లాను. ఒక డాక్టరుగారు, మంచి విశ్వాసి, బోర్డు మీద మెదడు బొమ్మ గీసి, మగపిల్లల మెదడు లెక్కలకూ ఆడపిల్లల మెదడు మాటలకూ తగినట్టు తయారవుతుందని చెప్పారు. స్త్రీ పురుషులను దేవుడు వేరువేరుగా చేశాడని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నదానికి సైన్సు కూడా సాక్ష్యం పలికినట్టు అనిపించింది. ఇంటికి వచ్చే దారంతా సంతోషమే.

తరువాతి ఆదివారం అదే బొమ్మ పిల్లల ముందు గీశాను.

"అందుకేనండీ మా అక్క అంత వాగుద్ది," అన్నాడొక పిల్లవాడు. అందరం నవ్వాం.

ఆ రోజు నుంచి బైబిల్ వాక్యాలు కంఠతా పట్టడం ఆడపిల్లలకు, అందులోని పూర్వీకులైన పితరుల వయసులు కూడి కాలం లెక్కకట్టడం మగపిల్లలకు అప్పగించాను.

మూడు వారాల తరువాత, బుధవారం సాయంత్రం, స్త్రీల ప్రార్థన కూటం మా ఇంట్లో జరిగింది. ఒక్కొక్కరూ తమ మనవి చెప్పడం, అన్నిటినీ కలిపి నేను ప్రార్థించడం అలవాటు. ఒకామె మనవరాలి జ్వరం గురించి చెప్పింది, ఒకామె తన మోకాళ్ల గురించి. చివర్లో, కాలవ లాకుల దగ్గర పనిచేసే ఆయన కూతురు లేచింది. ఎనిమిదో తరగతి చదువుతోంది, మా సండేస్కూలు పిల్లే, తల్లితో వచ్చింది.

"నాకు లెక్కలు రాకుండా చేయమని ప్రార్థన చెయ్యండి టీచరుగారూ."

"మావాడికి ఆ ప్రార్థన ఎప్పుడో ఫలించిందమ్మా," అంది మోకాళ్ల నొప్పులావిడ. చాపల మీద నవ్వులు లేచాయి.

పిల్ల నవ్వలేదు. "ఆడపిల్లల మెదడు అందుకు కాదని మీరే చెప్పారు కదండీ. నాకేమో చూడగానే వచ్చేస్తన్నాయి. నా మెదడు తప్పుగా పుట్టిందేమోనండీ. తప్పులు చేద్దామని కూడా చూశాను, కుదర్లేదు."

"వాళ్ల నాన్న కూడా మీ మాట విని, తొమ్మిదికి జనరల్ లెక్కలే రాయిస్తానంటన్నారండీ," అంది పక్కనున్న తల్లి. "రేపే బడిలో కాగితం ఇవ్వాలి."

అప్పట్లో తొమ్మిదో తరగతి నుంచి లెక్కలు రెండు రకాలు. కాంపోజిట్ తీసుకున్నవాళ్లకే కాలేజీలో లెక్కలు చదివే వీలుండేది. జనరల్ తీసుకుంటే ఆ పిల్లకు లెక్కలు పదో తరగతితో సరి.

అందరూ కళ్లు మూసుకున్నారు. ప్రార్థనకు మాట వెతుక్కోవలసిన అవసరం నాకు అంతకుముందు ఎన్నడూ రాలేదు. ఆ సాయంత్రం వచ్చింది. దేవుడిచ్చిన తలాంతును, ఆ లెక్కల తెలివిని, తీసేసుకోమని ఒక పసిది ఆ దేవుణ్నే అడుగుతోంది. అలా అడగడం నేర్పింది నేను. ఎవరు ఏం బోధించినా లేఖనంలో ఉందా అని వెతికే మనిషిని, ఈ ఒక్కదాన్ని వెతక్కుండానే దేవుని మాటగా పిల్లల చెవిన వేశాను.

"ఈ మనవి నేను చేయను," అన్నాను. "నేను తప్పు బోధించాను. నన్ను క్షమించమని మీరంతా ప్రార్థించండి."

ఎవరూ కళ్లు తెరవలేదు. అది కూడా ప్రార్థనలో భాగమే అనుకుని ఆమెన్ అన్నారు.

మర్నాడు పొద్దున్నే లాకుల దగ్గరకు వెళ్లాను. తండ్రి డ్యూటీ దిగుతున్నాడు. పిల్ల ఆయనకు కాఫీ తెచ్చింది. పిల్లను కాంపోజిట్ తీసుకోనివ్వమని అడిగాను.

"మొన్న కాదన్నారు, ఇవాళ అవునంటన్నారు. దేన్ని నమ్మమంటారండీ?" అన్నాడాయన, కోపం లేకుండానే.

"నా మాట వద్దండీ. లెక్కల మేష్టారిని అడగండి."

ఆయన కూతురి వైపు చూశాడు. పిల్ల నా వైపు చూసింది.

"దేవుడికి కోపం రాదాండీ?"

"రాదమ్మా."

"మీకెలా తెలుసండీ? పోయినసారీ తెలుసనే చెప్పారు."

బడికి ముగ్గురం కలిసే నడిచాం. లెక్కల మేష్టారిని అడిగాక, కాగితం మీద కాంపోజిట్ అని తండ్రి రాయించాడు. ఆ పిల్ల నా వైపు చూడకుండానే క్లాసులోకి వెళ్లిపోయింది.