మూడో బెల్లు

ఆ రోజుల్లో ఎర్ర రంగు పూసిన వస్తువేదైనా గోడకి తగిలిస్తే చాలు, ప్రాణాలకి భరోసా దొరికినట్టేనని మా పెద్దలు నమ్మేవారు. తొంభైల మొదట్లో తెనాలిలో ఒక కమ్యూనిటీ హాల్లో నేను టెంపరరీ గుమాస్తాగా చేరేనాటికి అక్కడి ఫైర్ అలారం అలాంటి భరోసాయే. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. రోజూ బాపట్లలో పాసింజరెక్కి వచ్చేదాన్ని, లోకంలో ఉన్న తెలివంతా నా టిఫిన్ క్యారేజీలోనే ఉందనుకునేదాన్ని. హాల్లో పొద్దున్నే షటిల్ ఆటలు, ముహూర్తాలప్పుడు పెళ్లిళ్లు, వేసవిలో నాటక పోటీలు. అలారం మాత్రం హాలు కట్టినప్పటిది. పక్క క్యాంటీన్లో ఉప్మాకి తిరగమోత పెడితే మోగేది, వాన పడితే మోగేది, పెళ్లిలో హోమం పొగ హాలంతా కమ్ముకున్నా కిక్కురుమనేది కాదు (పెళ్లివారి తాంబూలం దానికీ ముట్టేదేమోనని నా అనుమానం).

దాన్ని బాగు చేయించమని ఎవరైనా అంటే సెక్రటరీగారు రేపల్లె నుంచి ఒక రేడియో మెకానిక్‌ని పిలిపించేవారు. ఆయన్ని అందరూ రేపల్లె బాబాయి అనేవారు. మూత తీసి, లోపల గట్టిగా ఊది, మళ్లీ మూత పెట్టడం ఆయన వైద్యం. ఒకసారి అంతటితో ఊరుకోక స్టేజీ పక్కన ఒక స్విచ్చి బిగించి, "ఇంత గొంతున్న బెల్లు ఊరికే పడుంటే ఎట్టాగండి, నాటకాలకి వాడుకోండి" అన్నాడు. నాటక పోటీలు చూసినవారికి చెప్పనక్కర్లేదు. మొదటి బెల్లుకి జనం టీ కొట్టు దగ్గర్నుంచి కదులుతారు, రెండోదానికి సీట్లు వెతుక్కుంటారు, మూడో బెల్లుకి తెర లేస్తుంది. ఆ ఉద్యోగం ఫైర్ అలారానికి దక్కింది. సెక్రటరీగారు తెగ మురిసిపోయారు. నెలనెలా ఒక రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టేవారు. 'అలారం సక్రమముగా పనిచేయుచున్నది' అన్న వాక్యం కింద నేను సంతకం చేయాలి.

"ఇది పనిచేస్తున్నట్టేనాండి?" అని మొదటి నెల అడిగాను.

"రోజూ చెవులారా వింటున్నావు కదమ్మాయ్, ఇంకేం కావాలి? నీ పర్మనెంటు కాగితం కమిటీలో పెడుతున్నా, గుర్తుంచుకో" అన్నారాయన.

గుర్తుంచుకున్నాను. మా ఇంట్లో పర్మనెంటు అన్న మాట పలికే అదృష్టం అంతవరకు ఎవరికీ పట్టలేదు. అలా పదకొండు నెలలు సంతకాలు పెట్టాను. సాయంత్రం రైల్లో తోటి సీజన్ టిక్కెట్టు ఆడవాళ్ల ముందు సెక్రటరీగారి నడకా, బాబాయి ఊదుడూ అనుకరించి కడుపుబ్బ నవ్వించేదాన్ని. సంతకాల సంగతి మాత్రం వాళ్లకి చెప్పలేదు.

వేసవి పోటీల్లో ఒక ఆదివారం, కూతురు పనిచేసే హాలు చూడాలని మా అమ్మ చర్చిలో ఆరాధన అవగానే బాపట్ల నుంచి వచ్చింది. మధ్యాహ్నం మొదటి నాటకం అయిపోయి జనమంతా బయట టీలు తాగుతున్నారు. అలారం మోగింది. అందరూ గ్లాసులు అక్కడే పెట్టేసి లోపలికి పరిగెత్తారు. దానికి ఏకబిగిన మోగే ఓపిక ఎక్కడిది, కాసేపు దమ్ము తీసుకుని మళ్లీ మోగింది. రుమాళ్లు వేసిన కుర్చీల కోసం తగాదాలు మొదలయ్యాయి. అప్పుడు చూశాను, స్విచ్చి నొక్కాల్సిన మనిషి ఇంకా గేటు దగ్గరే మిరపకాయ బజ్జీ తింటున్నాడు. మరి నొక్కిందెవరు? స్టేజీ వెనక్కి వెళ్లేసరికి లైట్ల బోర్డు పక్కన పాత తెరల కుప్ప అంటుకుని ఉంది. ఆ అలారం పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నిజం చెప్పింది. నిండు హాలు దాన్ని విని బుద్ధిగా వచ్చి కూర్చుంది. ముందున్న తెర దించే ఉండటంతో పొగ వాళ్లకి కనపడలేదు. తెర పక్కనుంచి చూస్తే రెండో వరసలో మా అమ్మ.

స్టేజీ మీంచి కిందికి దూకి, "మంటలండి, బయటికి రండి" అని అరిచాను. అదే క్షణంలో అలారం మూడోసారి మోగింది.

"మూడో బెల్లయిందమ్మా, అడ్డం నిలబడకు" అన్నాడు ముందు వరస పెద్దాయన. మా అమ్మ కూడా, "ఏంటే ఆ గోల, వచ్చి కూర్చో, మొదలయ్యేట్టుంది" అంది.

ఈ జనాన్ని బయటికి పంపేది ఏమిటా అని ఆలోచిస్తే ఒక్కటే తోచింది. ఆఫీసు గదిలోకి పరిగెత్తి మెయిను ఆపేశాను. ఫ్యాన్లు ఆగాయి. ఆ ఎండల్లో ఫ్యాను లేని చోట మా జనం రెండు నిమిషాలు కూర్చోరు. కరెంటువాళ్లని తిట్టుకుంటూ, విసురుకుంటూ అందరూ చెట్ల కిందికి నడిచారు. (మంటల కబురు చెప్పాల్సిన అలారం కూడా కరెంటుతోపాటే నోరు మూసుకుంది.) బయటికొచ్చాక పొగ చూసి, టీ కొట్టు డ్రమ్ములో నీళ్లతో మంట ఆర్పారు. తెరలకి తప్ప ఎవరికీ ఏమీ కాలేదు.

వారం తిరక్కుండా తనిఖీకి ఒక ఆఫీసరు వచ్చారు. సెక్రటరీగారు రిజిస్టరు తెరిచి, "మా అలారం ఎలా మోగిందో ఊరంతా విందండి" అన్నారు. నా పర్మనెంటు కాగితం అదే బల్ల మీద, ఆయన కళ్లజోడు కింద ఉంది.

ఆఫీసరు నన్నడిగారు. "ఈ సంతకాలు మీవేనా? పనిచేస్తుందా అది?"

"మోగుతుందండి. కానీ అది మోగితే మా జనం లోపలికొస్తారండి" అన్నాను.

ఆయన తన ఫారం అటూ ఇటూ తిప్పి చూశారు. దానికి అందులో గడి లేదు. 'పనిచేయుచున్నది' అన్నచోట టిక్కు పెట్టి, కాఫీ తాగి వెళ్లిపోయారు. సెక్రటరీగారు నా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, "నీకు ఆఫీసు పని పడదమ్మాయ్" అన్నారు.

ఆ సాయంత్రం బాపట్ల రైల్లో, నిజం చెప్పి ఉద్యోగం పోగొట్టుకున్న వీరనారిలా కిటికీ పక్కన మెడ నిక్కించుకుని కూర్చున్న ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పుడు జాలీ, నవ్వూ రెండూ వస్తాయి. ఎంత గొప్పగా కూర్చుందో. రెండో వరసలో వాళ్లమ్మ కనపడితే గాని దాని నోట నిజం రాలేదు. అంతకుముందు పదకొండు నెలలూ ఆ కుర్చీల్లో కూర్చున్నది వేరేవాళ్ల అమ్మలు.