నురుంజి కుడి చెవి

మల్సున్‌కి నడుము నొప్పి లేని రోజంటూ నేను చూడలేదు. మా జిందో ద్వీపానికి కోడలిగా వచ్చిన కొత్తలో ఉండేదేమో, నాకు గుర్తు లేదు. చలికాలం ఉల్లికాడలు పీకే కూలి మా ఇద్దరిదీ. పిర్రలకు గుండ్రటి మెత్తటి దిమ్మ కట్టుకుని, చాలు వెంబడి కూర్చునే జరుగుతూ, మట్టి దులిపి కట్టలు కడుతూ పొద్దు గూకేదాకా ఉండాలి. సముద్రం మీంచి వచ్చే గాలికి మొహం మొద్దుబారిపోతుంది. సాయంత్రం చేలో లేచి నిలబడేటప్పుడు మల్సున్ రోజూ ఒకటే మాట అనేది.

"ఇంకా ఇంటికెళ్ళి పని చెయ్యాలే అక్కా."

ఇంట్లో పని అంటే ఆమె మొగుడు గిల్బో. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి కుడి పక్కకి జారిపోయింది. మాట పోయి, గొంతులోంచి "ఊ" అనే శబ్దం ఒక్కటి మిగిలింది. ఆ శబ్దం కూడా పక్క గదిలోకి వినపడదు.

ఒకప్పుడు ఆ మనిషి గొంతు వింటే ఊళ్ళో కుక్కలున్నవాళ్ళందరికీ గుండె దడ. ఇప్పటి నియమాలు ఎలా ఉన్నాయో నాకు తెలియదు కానీ, అప్పట్లో మా కుక్కల జాతి చెడకూడదని ద్వీపంలో పుట్టిన ప్రతి పిల్లకుక్కనీ కాస్త ఎదిగాక పరీక్షకి చూపించాలి. చెవులు నిక్కి ఉండాలి, తోక పైకి తిరిగి ఉండాలి. నెగ్గిన కుక్కకి మెడలో చిప్ పెడతారు. నెగ్గనిది వంతెన దాటి అవతలి గడ్డకి పోవాల్సిందే. పరీక్షకొచ్చే అధికార్లు మారేవారు గానీ, వాళ్ళ పక్కన నిలబడే గిల్బో మాత్రం మారలేదు. ఆయన కన్ను మీద అందరికీ అంత గురి. కుక్క ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మెడ దగ్గర్నుంచి తోక దాకా చెయ్యి పోనిచ్చేవాడు. బాగుంటే లేచి నిలబడేవాడు. లేకపోతే వీపు మీద రెండుసార్లు తట్టి, "తరవాతది" అనేవాడు.

నా కుక్క దోరి వీపు మీద కూడా అలాగే తట్టాడు. తోక కొంచెం వాలిందట! పక్కింటి మనిషినన్న మొహమాటం కూడా లేదు. దోరిని ఎక్కించుకున్న లారీ వెనకాల నేను వంతెన దాకా ఏడుస్తూ నడిచాను. ఆ తరవాత చాలా ఏళ్ళు మల్సున్‌తో మాట్లాడాను గానీ ఆయనతో మాట్లాడలేదు. ఎదురుపడితే మొహం తిప్పుకునేదాన్ని. కుక్కల చెవులు నిలబెట్టడానికి లోపల పుల్లలు పెట్టేవాళ్ళు, జిగురు పూసేవాళ్ళు, రహస్యంగా కుట్లు వేయించేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. చెవి వెనక వేళ్ళతో తడిమి ఆయన పట్టేసేవాడు. పట్టేశాక వాళ్ళని నలుగురిలో కడిగిపారేసేవాడు కూడా.

అంతటివాడు మంచాన పడ్డాక, ఆయన ముసలి కుక్క చివరి ఈతలో ఒక్క పిల్లని మిగిల్చి చచ్చిపోయింది. అడుగంటిన అన్నం రంగులో ఉందని దానికి నురుంజి అని పేరు పెట్టారు. అది ఎవరూ నేర్పకుండానే ఒక పని నేర్చుకుంది. ఆయన "ఊ" అంటే చాలు, గుమ్మం దాటి చేలోకి పరుగెత్తుకొచ్చి మల్సున్ చొక్కా చెయ్యి పట్టి లాగేది. మొదటిసారి లాగినప్పుడు మల్సున్ విసుక్కుని అదిలించింది. అది వదల్లేదు. ఇంటికెళ్ళి చూస్తే ఆయన మరుగుదొడ్డి గుమ్మంలో బోర్లా పడి ఉన్నాడు. ఆ రోజు నుంచీ మల్సున్ ధీమాగా కూలికొచ్చేది. కుక్క లేకపోతే ఆయన్ని ఒంటరిగా వదిలి రాలేదు, కూలికి రాకపోతే పొయ్యి వెలగదు. సంగతి అంతే.

అలాంటి కుక్కకి ఎడమ చెవి చక్కగా నిక్కింది. కుడి చెవి మాత్రం మడతపడి అలాగే ఉండిపోయింది.

"మొగుడూ కుక్కా ఒకే పక్కకి జారారే!" అన్నారు చేలో ఆడవాళ్ళు.

"జారితే జారారు, నీ ఇంటి మీద పడలేదుగా!" అంది మల్సున్.

పైకి అలా అన్నా లోపల భయం పట్టుకుంది. వసంతంలో పరీక్ష. ఎముక గట్టిపడుతుందని ఎండు చేప తలలు ఉడికించి పెట్టింది. బొటనవేలితో పొద్దుటా సాయంత్రం చెవి నిమిరింది. పట్టీ అంటిస్తే నిలబడుతుందని ఎవరో అన్నారు. మా ఇళ్ళల్లో పట్టీలకి కొదవా? మా వీపులు, మోకాళ్ళు, భుజాలు అన్నీ నొప్పి పట్టీలే కదా. ఇంతకన్నా గట్టిగా అంటుకునేది లోకంలో లేదని మల్సున్ నడుముకి వేసుకునే పట్టీని కత్తిరించి చెవి లోపల అంటించింది. కర్పూరం మంట! నురుంజి గింగిరాలు తిరిగి, కిమ్చీ పచ్చడి జాడీల మీదుగా దూకి, తిన్నగా సముద్రంలోకి పోయి నీళ్ళలో కూర్చుంది. ఎంత పిలిచినా రాదు. మోకాళ్ళ లోతు చల్లటి నీళ్ళలో దిగి మల్సున్ బతిమాలుతుంటే గట్టు మీద నేను కడుపు పట్టుకుని నవ్వాను. మల్సున్ కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది.

"తల ప్రాణం తోకకొస్తోందక్కా. నా వల్ల కాదు," అంది.

అప్పుడే మాతో ఉల్లికాడలు పీకే బోగిల్ ఆవిడ చెప్పింది. బోగిల్ అనేది ఆవిడ పుట్టింటి ఊరు, మేం అలాగే పిలుస్తాం. మొక్పో పట్నంలో ఒక కుక్కల డాక్టరమ్మ ఉందట, చెవి కోసి నిలబెడుతుందట, బయటికి కుట్టు కూడా కనపడదట.

"కుక్కలక్కూడా అందం ఆపరేషన్లేమిటే?" అన్నాను.

"అయ్యో, సియోల్‌లో కుక్క కళ్ళ కింద ముడతలు తీయిస్తున్నారు వదినా! మనకే లేదు గానీ ఆ భాగ్యం."

మల్సున్ తోడు రమ్మంటే మొక్పోకి నేనూ వెళ్ళాను. డాక్టరమ్మ మంచిదే. నురుంజి చెవిని వేళ్ళతో పైకెత్తి చూపించింది. "వెనక వైపు కొంచెం కోసి, లోపల బిగించి కుడతాను. నిలబడుతుంది. కాకపోతే రెండో చెవిలాగా అటూ ఇటూ తిప్పలేదు. బిగుసుకుపోతుంది."

"వినపడుతుందా?" అంది మల్సున్.

"వినపడుతుంది. ఇప్పుడు వినపడినంతే."

"మరి దీనికొచ్చే లాభం ఏమిటమ్మా?"

"దీనికేముంటుందండీ? చూపుకే."

మల్సున్ మొహం మారిపోయింది. ఎందుకో నాకు తెలుసు. కిందటేడు క్వాంజు ఆసుపత్రిలో గిల్బో మూతి పైకి లాగి కుడతామన్నారు. మాట వస్తుందా అని మల్సున్ అడిగింది. రాదు, చూపుకే అన్నారు. మొగుడి చెయ్యి పట్టుకుని తిరిగి ఇంటికి తీసుకొచ్చేసింది. ఇప్పుడు మళ్ళీ అదే మాట. అయినా మంగళవారానికి ఆపరేషన్ ఖాయం చేసుకుంది.

బయట బెంచీ మీద కూర్చుని తెచ్చుకున్న కింబాప్ అన్నం చుట్టలు తింటుంటే అడిగింది. "నువ్వైతే ఏం చేస్తావక్కా?"

"నేనైతే రెండు చెవులూ కుట్టించి, తోక కూడా బిగించమంటాను. ఆలోచించడానికేముందే? అది వెళ్ళిపోతే నీ గతేమిటి?"

"ఆయన ఎడమ చేతి వేళ్ళు ఇంకా పనిచేస్తున్నాయిగా. ఇంటికెళ్ళగానే తడుముతాడు."

"తడమనీ! మాట లేదు, ఎవరికి చెప్తాడు?"

మల్సున్ నా వంక అదోలా చూసింది. తరవాత కింబాప్ ముక్క నురుంజికి పెట్టేసింది.

ఆ సాయంత్రం గోడ అవతల మల్సున్ గొంతు నాకు స్పష్టంగా వినపడింది. "చేయించనా? వద్దా? తల అయినా ఊపవయ్యా! అన్నీ నేనే మొయ్యాలి, పాపం కూడా నేనే మొయ్యాలా?" అని అరిచింది. అన్నం గిన్నె విసిరేసిన చప్పుడైంది. కాసేపటికి అది లేచి ఆ మెతుకులన్నీ ఏరుకుంటూ ముక్కు చీదుకోవడం కూడా విన్నాను.

మంగళవారం పొద్దున్న నురుంజికి స్నానం చేయించి బస్సాగే చోటికి తెచ్చింది. బస్సొచ్చింది. నేనెక్కాను. మల్సున్ ఎక్కలేదు.

"రావే! డ్రైవరు తిడుతున్నాడు!"

"కాళ్ళు రావట్లేదక్కా. ఆయన్ని వద్దని తీసుకొచ్చేశాను. ఇది నోరులేనిది, దీన్ని పట్టుకెళ్ళి కోయించి రమ్మంటే... ఏమోనక్కా, అలిసిపోయాను. పరీక్షకొచ్చేవాళ్ళు ఆయన మొహం చూసి ఒప్పుకుంటారేమోలే."

నేను దిగిపోయాను. డ్రైవరు నన్ను కూడా తిట్టాడు.

పరీక్ష రోజున ఊరి చావడి ముందు అందరం చేరాం. మల్సున్ మొగుణ్ణి చక్రాల కుర్చీలో తోసుకొచ్చింది. శుభ్రంగా గడ్డం గీసి, పాత కోటు తొడిగింది. వచ్చిన అధికారి ఇమ్ అనే అతను. గిల్బో పక్కన నిలబడి పని నేర్చుకున్నవాడే. నురుంజి చెవి చూసి, గిల్బో వంక చూశాడు. ఆ తరవాత గొంతు సవరించుకున్నాడు.

"గాలికి వాలినట్టుంది. ఎదుగుతున్న కుక్కేగా, లేస్తుందిలెండి. పెద్దాయన ఇంటి కుక్కకి మేం వంకలు పెడతామా?"

గిల్బో చేతిలో కుక్కల్ని పోగొట్టుకున్నవాళ్ళు ఆ గుంపులో ఎంతమందో. ఒక్కరూ కిక్కురుమనలేదు. మల్సున్ రెండు చేతులతో తన చొక్కా అంచు నలిపేస్తోంది. నేను కూడా నోరు మూసుకున్నాను. ఇమ్ చిప్ పెట్టే సూది బయటికి తీశాడు.

నురుంజి నడుచుకుంటూ వెళ్ళి కుర్చీ పక్కన నిలబడింది. గిల్బో ఎడమ చెయ్యి కిందికి జార్చాడు. మెడ దగ్గర్నుంచి తోక దాకా నెమ్మదిగా పోనిచ్చాడు. వీపు మీద రెండుసార్లు తట్టాడు.

ఇమ్ సూది పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "పెద్దాయనా, ఇంకోసారి ఆలోచించండి. మాకేం అభ్యంతరం లేదు."

గిల్బో మళ్ళీ రెండుసార్లు తట్టాడు. జారిన పక్క కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ కన్ను ఎప్పుడూ కారుతూనే ఉంటుంది కాబట్టి ఏడుస్తున్నాడో లేదో ఎవరికీ తెలియలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళకి ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. "ఏమయ్యా పెద్దమనిషీ! నా దోరిని తట్టి పంపేశావు, సరే. ఇప్పుడు ఎవరి నడుం విరగ్గొట్టావో తెలుస్తోందా నీకు? నీ పెళ్ళాం ఎలా బతకాలయ్యా?"

ఆయన నా మొహంలోకి చూసి "ఊ" అన్నాడు. అంతే, నురుంజి గిరుక్కున తిరిగి జనంలోంచి దూరి వెళ్ళి మల్సున్ చొక్కా చెయ్యి పట్టి లాగింది. అక్కడున్నవాళ్ళలో చాలామంది తల దించుకున్నారు. మల్సున్ కుర్చీ తిప్పుకుని, కుక్కని వెంటబెట్టుకుని ఇంటికెళ్ళిపోయింది.

నెలాఖరులోగా కుక్క వంతెన దాటాలన్నారు. కుక్కల వ్యాపారి ఒకడు బేరానికొస్తే మల్సున్ చీపురు తిరగేసింది. ఆ మర్నాడు చేలో నా పక్కన లేదు. ఒంట్లో బాలేదేమోనని సాయంత్రం వెళ్ళి చూస్తే పరుపులు మూట కడుతోంది.

"ఏమిటే ఇది?"

"వంతెన దిగంగానే అవతల ఒక గది దొరికిందక్కా. ఎదురుగానే క్యాబేజీ తోటలు. కూలి పని అక్కడా ఉందిట."

"నీకేమైనా మతిపోయిందా? ఆయన పుట్టి బుద్ధెరిగి ఈ ద్వీపం దాటి ఒక్క రాత్రి ఉన్నాడా?"

"కుక్క దాటాలన్నాడుగా, తనే తట్టి మరీ చెప్పాడుగా." మూట ముడి పళ్ళతో బిగించి అంది. "మేం దాటకూడదని ఎవరన్నారు?"

గిల్బో కింద పొయ్యి వేడికి వెచ్చబడ్డ నేల మీద గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. ఆ మాట ఆయనకీ వినపడింది. ఆయన ఎడమ చెయ్యి నురుంజి మెడ మీద ఉంది.

మా మేస్త్రీ కూలీల వ్యాను ఇచ్చాడు. జాడీలు, పరుపులు, కుర్చీ, కుర్చీలో గిల్బో. వంతెన మీదకెళ్ళేసరికి కింద ఇరుకు సముద్రపు ప్రవాహం హోరు. నురుంజి కిటికీలోంచి తల బయటికి పెట్టింది. మల్సున్ వెనక్కి తిరిగి చూడలేదు. చూసే ఓపిక లేదంది.

చేలో నా పక్క చాలు ఇప్పుడు బోగిల్ ఆవిడది. బాగానే పీకుతుంది గానీ వాగుడెక్కువ.

మొన్న పని లేని రోజున ఎండు చేప తలలు కట్టుకుని వంతెన దాటి వెళ్ళాను. మల్సున్ క్యాబేజీ తోటలో ఉంది. దూరం నుంచే దిమ్మ కట్టుకున్న నడుం చూసి గుర్తుపట్టాను. గిల్బో గుమ్మంలో మా ద్వీపం వైపు తిరిగి కూర్చున్నాడు. నురుంజి ఆయన కాళ్ళ దగ్గర పడుకుంది. నేను కూడా గడప మీద కూలబడి దానికి ఒక చేప తల పెట్టాను. అది తింటుంటే కుడి చెవి వెనక వేళ్ళు పోనిచ్చి తడిమాను. మెత్తగా, వెచ్చగా ఉంది. ఎక్కడా గీత లేదు.

"కుట్టూ గిట్టూ ఏం లేదులెండి," అన్నాను ఆయనతో.

ఆయన "ఊ" అన్నాడు.

నురుంజి తల ఎత్తి ఆయన్ని చూసింది. తరవాత నన్ను చూసింది. ఈసారి పరుగెత్తలేదు. ఆ మాట నాకోసమేనని దానికి తెలిసినట్టుంది, మళ్ళీ చేప తల కొరుక్కుంటూ కూర్చుంది.