చెరిపేసిన కమ్మలు

డేవిడ్‌రాజు కుడిచేయి మౌసు మీద నిదానంగా కదులుతోంది. కంప్యూటర్ తెర నిండా ఒక అమ్మాయి ముఖం. చెవి తమ్మె పక్కన చర్మం రంగు కొంచెం తీసి, బంగారు కమ్మ మీద అద్దాడు. మళ్ళీ తీశాడు, మళ్ళీ అద్దాడు. కమ్మ సగం పోయింది.

వెనక ప్లాస్టిక్ కుర్చీలో టీ తాగుతున్న రాంబాబు మెడ సాచి చూశాడు. అతను జగ్గయ్యపేట వర్తక సంఘంలో గుమాస్తా. ఫ్లెక్సీల పని ఇవ్వడానికి పొద్దున్నే నందిగామలో డేవిడ్‌రాజు షాపుకు వచ్చాడు.

"రెండోది కూడా తీసెయ్యి. బంగారం పెట్టుకుని ఫీజుకి డబ్బులు అడుగుతారా ఎవరన్నా?"

"తీస్తున్నా కదండీ."

"ఆ నవ్వేందయ్యా? పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు! కాస్త దిగులు పెట్టు."

డేవిడ్‌రాజు పెదాల చివరలు రెండూ కిందికి లాగాడు. కళ్ళ కింద నీడ వేశాడు. వెనకున్న కాలేజీ తోటను తీసేసి, ఎన్నికలప్పుడు రైతు పోస్టరుకు వాడిన బీటలు వారిన నేలను తెచ్చి పెట్టాడు. నాయకుల పొట్టలు తగ్గించి, బట్టతలల మీద జుట్టు మొలిపించిన చేయి అది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, చేసి చేసి పట్టుబడింది. ఇలా తీసివేసే పని మాత్రం కొత్త. అయినా చక్కగా కుదిరింది. లోపల వంట చేసుకుంటున్న భార్య లూర్దమ్మను పిలిచి మరీ చూపించాడు.

"అయ్యో, తిండి తిని ఎన్నాళ్ళయిందో పాపం!" అంది లూర్దమ్మ. అంతకుమించిన మెప్పు లేదనుకున్నాడు.

ఫోటోలో ఉన్న అమ్మాయి పేరు చిసోమో. ఆఫ్రికాలోని మలావీ దేశం నుంచి వచ్చి, నందిగామ అవతల హైవే మీదున్న కాలేజీలో ఫార్మసీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఆ మార్చిలో వాళ్ళ ఊరి మీద తుపాను పడింది. కొండచరియ విరిగి, వాళ్ళ నాన్న బట్టల కొట్టు బురదలో కలిసిపోయింది. ఇంటి నుంచి డబ్బు రావడం ఆగిపోయింది. శనివారం లోపు ఫీజు కట్టకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. కాలేజీవాళ్ళు అడిగితే వర్తక సంఘం ఇస్తానంది. శుక్రవారం సాయంత్రం సభ, స్టేజీ మీద చెక్కు. ఆ సభకే ఈ ఫ్లెక్సీలు. 'నిరుపేద విదేశీ విద్యార్థినికి ఆపన్నహస్తం' అని పైన ఎర్రటి అక్షరాలు, కింద సంఘం పెద్దల ఫోటోలు వరసగా.

సాయంత్రానికి ఒకటి నందిగామ బస్టాండు ఎదురుగా, ఒకటి జగ్గయ్యపేటలో సంఘం హాలు ముందు లేచాయి.

బుధవారం మధ్యాహ్నం ఆ అమ్మాయే షాపు మెట్లెక్కింది. డేవిడ్‌రాజు మొదట గుర్తుపట్టలేదు. తను తయారుచేసిన ముఖానికీ ఎదురుగా ఉన్న ముఖానికీ పోలిక లేదు. ఇస్త్రీ చేసిన తెల్ల కోటు, బిగించి అల్లిన జడలు, చెవులకు కమ్మలు.

"బస్టాండు దగ్గర బొమ్మ నువ్వే చేశావా అన్నా?" నాలుగేళ్ళుగా ఇక్కడివాళ్ళ నోట విని నేర్చుకున్న తెలుగు.

"నేనేనమ్మా."

"నా కమ్మలు ఎందుకు తీశావ్?"

డేవిడ్‌రాజు మౌసు వదిలేశాడు. రాంబాబు తీయమన్నాడని చెబుదామనుకున్నాడు. తీసింది రాంబాబు చేయి కాదు కదా.

"ఇక్కడ చదివే మా ఊరి ఫ్రెండ్ దాన్ని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మా అమ్మ చూసింది. ఇవి అమ్మవి. నేను ఇక్కడికొచ్చే రోజు తన చెవులవి తీసి నాకు పెట్టింది. అమ్ముకు తిన్నానని ఏడుస్తోంది. వీడియో కాల్‌లో కమ్మలు చూపించా. ఎవరి దగ్గర అరువు తెచ్చావే అంటోంది." చెవి మీద చేయి వేసుకుంది. "చదువొద్దు, వచ్చెయ్యమంటోంది."

"ఎంత తప్పు చేశానమ్మా..."

"ఆ నేల ఏంటన్నా? మా ఊళ్ళో వచ్చింది వరద. మా కొట్టు బురదలో పోయింది. నువ్వు ఎండబెట్టేశావ్."

లోపలి నుంచి లూర్దమ్మ మంచినీళ్ళు తెచ్చింది. ఆ అమ్మాయి తీసుకోలేదు.

"నేను స్టేజీ ఎక్కను. పరీక్ష పోతే పోనీ. మీవాళ్ళకి చెప్పు," అని మెట్లు దిగింది.

లూర్దమ్మ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. "నన్ను పిలిచి మరీ చూపించావు. నేనేమో తిండి లేదనుకున్నా! ఆ పిల్ల మొహం చూళ్ళేకపోయానయ్యా," అంది.

డేవిడ్‌రాజు నిచ్చెన తీసుకుని బస్టాండుకు వెళ్ళాడు. ఎండ మండిపోతోంది. కింద సోడాబండి అతను, "ఏంది రాజన్నా, నిన్నేగా కట్టింది, అప్పుడే దింపుతున్నావే? డబ్బులివ్వలేదా?" అని నవ్వాడు. డేవిడ్‌రాజు నిచ్చెన ఇంకో రెండు మెట్లెక్కాడు. ముడి విప్పుతుంటే ఆ దిగులు ముఖం చేతికందేంత దగ్గరగా ఉంది. దాన్ని లోపలికి పెట్టి చుట్టేశాడు. తర్వాత జగ్గయ్యపేట బస్సెక్కాడు.

సంఘం అధ్యక్షుడు శ్రీమన్నారాయణ పప్పుల హోల్‌సేల్ కొట్లో ఉన్నాడు. సంగతంతా విని ముఖం ముడుచుకున్నాడు.

"సాయం చేస్తామంటే మాకే మాటలా? బాగుందయ్యా."

"ఆ అమ్మాయి మిమ్మల్నేం అనలేదండి. నన్నంది. నేనే తీసేశా కమ్మలు. నవ్వు కూడా నేనే తీశా."

"స్టేజీ ఎక్కనంటే ఎట్టా? ఇచ్చినట్టు ఫోటో ఉండాలిగా. ఫోటో లేకపోతే మా సభ్యులు ఇచ్చామనే అనుకోరు."

డేవిడ్‌రాజు ఫోన్ తీసి, కాలేజీవాళ్ళు పంపిన అసలు ఫోటో చూపించాడు. శ్రీమన్నారాయణ కళ్ళజోడు పైకెత్తి చూశాడు. తోటలో నిలబడి, నోరారా నవ్వుతున్న అమ్మాయి.

"ఈ పిల్లేనా?"

"ఈ అమ్మాయేనండి."

శ్రీమన్నారాయణ ఫోన్ వెంటనే తిరిగి ఇవ్వలేదు. కొట్లో కుర్రాళ్ళు వినకుండా గొంతు తగ్గించాడు. "ఈ ఫోటోతో వచ్చి అడిగితే మావాళ్ళు ఇచ్చేవాళ్ళు కాదయ్యా," అని ఆగి, "నేనూ ఇచ్చేవాణ్ణి కాదేమో," అన్నాడు.

శ్రీమన్నారాయణ ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. "రేపు పొద్దున నేనే కాలేజీకెళ్ళి కట్టేస్తా. ఆ అమ్మాయిని రావద్దని చెప్పు. హాలు తీసుకున్నాం, భోజనాలు చెప్పాం, సభ మాత్రం ఆపలేను. బొమ్మ లేకుండా ఇంకో బ్యానర్ చెయ్యి, అది తెచ్చాకే హాలు ముందుది దింపు."

"ఏం రాయమంటారండి?"

"వరదలో నష్టపోయిన విద్యార్థినికి అని రాయి."

"ఎవరో తెలిసిపోద్దండి. ఆ కాలేజీలో బయటిదేశం ఆడపిల్లలు ఇద్దరో ముగ్గురో."

"మరేం రాస్తావ్?"

"విదేశీ విద్యార్థుల అత్యవసర సహాయ నిధి అని."

"నిధా!" శ్రీమన్నారాయణ కుర్చీలో వెనక్కి వాలాడు. "నిధి అంటే ఏడాదేడాదీ ఇవ్వాలి కదయ్యా! ఒక్క బొమ్మ చెరిపినందుకు నా మెడకి ఇంత చుట్టావేంది?"

డేవిడ్‌రాజు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. పట్టుబట్టే హక్కు తనకు లేదని తెలుసు.

"సరే, రాయి," అన్నాడు శ్రీమన్నారాయణ.

గురువారం డేవిడ్‌రాజు కంప్యూటర్ ఆన్ చెయ్యలేదు. నేల మీద తెల్లగుడ్డ పరిచి, సుద్దతాడుతో గీతలు కొట్టాడు. ఫ్లెక్సీలు రాకముందు గోడల మీద సిమెంటు ప్రకటనలు రాసి బతికినవాడు. బ్రష్షు పట్టి ఎన్నో ఏళ్ళయింది. మొదటి అక్షరం వంకరపోతే తుడిచి మళ్ళీ రాశాడు. 'అత్యవసర' దగ్గరికి వచ్చేసరికి చేయి దారిలో పడింది. నీలం రంగు, ఒకటే సైజు అక్షరాలు. కింద సంఘం పేరు. పెద్దల ఫోటోలు లేవు.

మధ్యలో కాలేజీకి ఫోన్ చేసి కనుక్కున్నాడు. ఫీజు కట్టేశారట, హాల్‌టిక్కెట్ ఇచ్చేశారట. ఆఫీసులో ఆవిడ, "ఆ అమ్మాయికి ఫోనివ్వమంటారా? ఇక్కడే ఉంది," అంది. "వద్దండి, సభకు రానక్కర్లేదని మాత్రం చెప్పండి," అని పెట్టేశాడు. క్షమించానని ఆ అమ్మాయి చేత అనిపించుకోవడం కూడా ఒకరకంగా అడుక్కోవడమే అనిపించింది. అయినా ఆమె అమ్మ ఫోనులో ఆ ముఖం అలాగే ఉంటుంది. అంత దూరం తన నిచ్చెన అందదు.

శుక్రవారం మధ్యాహ్నానికి రంగు ఆరింది. గుడ్డ మడతపెట్టి జగ్గయ్యపేట తీసుకెళ్ళాడు. హాలు ముందున్న పాత ఫ్లెక్సీ దింపి, లోపల స్టేజీ వెనక కొత్తది బిగించి కట్టాడు. నాలుగు మూలలూ లాగి చూశాడు.

రాంబాబు వచ్చి కిందినుంచి చూశాడు. "ఇదేందయ్యా, బొమ్మ లేదు, పేరు లేదు. ఎవరికిస్తున్నట్టు?"

"అవసరమైనవాళ్ళకండి."

"పెద్దాయన ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నారు."

"మరి చుట్టేసినవి రెండూ?"

"ఒకటి నా దగ్గరే ఉంది, ఇదీ తీసుకెళ్తా. మళ్ళీ ఎక్కడా కట్టకూడదు." డేవిడ్‌రాజు నిచ్చెన దిగి, మిగిలిన తాడు చుట్ట రాంబాబు చేతిలో పెట్టాడు. "పనయిపోయిందండి. చూసుకోండి."