రాహేలమ్మ గారి కౌంటర్

ఈ ఉదయం ఆఫీసు పాంట్రీలో ఎవరో పాలు అడుగంటించారు. ఆ మాడు వాసన తగలగానే మదీనాగూడలోని రెండు షట్టర్ల గది, కొంగు నడుముకు దోపుకున్న రాహేలమ్మ గారు కళ్లముందు నిలిచారు. నర్సుగా రిటైరయ్యాక ఆవిడ అక్కడ చిన్న కాఫీ కౌంటరు పెట్టారు. చదువు ఆగిపోయి, పని దొరక్క తిరిగే పద్దెనిమిది, ఇరవై ఏళ్లవాళ్లకు అక్కడే పని నేర్పి, చుట్టుపక్కల ఆఫీసుల్లో చేర్పించేవారు. కాఫీ అమ్మకంతోనే ఆ నేర్పడమంతా నడిచేది.

నన్ను మా అమ్మ బడికి పంపకుండా ఇంట్లోనే చదివించింది. బైబిలు, లెక్కలు, ఇంగ్లీషు వచ్చు. కొత్త మనిషి ముందు నోరు మాత్రం పెగిలేది కాదు. ఆవిడ కౌంటర్లో చేరిన మొదటిరోజే పాలు మాడ్చాను. తిడతారనుకున్నాను. ఆవిడ గిన్నెలోకి తొంగిచూసి, "పర్లేదమ్మా, ఇవాళ గిన్నె తోమడం కూడా వచ్చేస్తుంది నీకు" అన్నారు.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక ఆవిడే చిరాకు కస్టమరై నా ఎదుట కూర్చునేవారు. "ఏమ్మా, ఇది కాఫీనా, కప్పు కడిగిన నీళ్లా?" అని దబాయించేవారు. నేను తల దించుకుంటే, నాతోపాటు నేర్చుకుంటున్న స్రవంతి పక్కనుంచి గిల్లేది. "నేల మీదేమన్న రాసున్నదా అక్కా? జర ఆమె మొకం చూసి మాట్లాడు!" చందానగర్ పిల్ల. ఇంటర్ తప్పి, ఇంట్లో మాటలు పడి వచ్చింది. వాళ్లిద్దరి వల్లే నాకు గొంతు వచ్చింది.

ఏడాది తిరక్కుండా రాహేలమ్మ గారు నన్ను ఒక పెద్ద కంపెనీ రిసెప్షన్‌లో చేర్పించారు. చేర్చుకున్నవాళ్లకు నా సంగతి తెలుసు గానీ, తోటివాళ్లు ఏ కాలేజీ అని అడిగితే సిగ్గేసి, హాస్టల్లో ఉండి డిగ్రీ చేశానని చెప్పాను. రోజూ ప్రార్థనలో మోకరించే మనిషినే. అయినా చెప్పాను.

ఒకరోజు మా లాబీలో కాఫీ స్టాలు పెట్టడానికి ఆవిడా, స్రవంతీ వచ్చారు. స్రవంతి నన్ను చూసి ఎగిరి గంతేసింది. "అక్కా! ఏంది, గింత సక్కగున్నవ్! మమ్ముల మర్చినవా?"

"మీకు తెలుసా వీళ్లు?" అని పక్కనున్న సహోద్యోగి అడిగింది.

"తెలియదే. నన్ను ఎవరనుకుందో" అన్నాను.

స్రవంతి నోరు తెరవబోయింది. రాహేలమ్మ గారు దాని చేయి పట్టుకుని ఆపి, నావైపు తిరిగి, "క్షమించండి మేడమ్, మా పిల్ల పొరబడింది. పంచదార వేయమంటారా?" అన్నారు. ఆవిడ నన్ను 'మీరు' అనడం అదే మొదటిసారి.

ఆదివారం ఆరాధన అయ్యాక ఏడుస్తూ మదీనాగూడ వెళ్లాను. స్రవంతి లేదు. "రావట్లేదమ్మా. రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను. 'రేపు పనిల పడ్డంక నేను గూడ మీరెవలో ఎర్కలేదంటనేమో అమ్మా, భయమైతున్నది' అంది" అన్నారు ఆవిడ. కొంగుతో నా కళ్లు తుడిచి, "నన్ను క్షమాపణ అడక్కు, నేను అక్కడే క్షమించేశాను. వెళ్లి దాన్ని అడుగు" అన్నారు.

రేపు వెళ్దాం, వచ్చేవారం వెళ్దాం అనుకుంటూ నెల దాటించాను. వెళ్లేసరికి స్రవంతివాళ్లు కిరాయి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఎక్కడికో ఎవరికీ తెలియదు. ఫోను నంబరూ మారింది.

ఇప్పుడు ఎక్కడ చదివావని ఎవరడిగినా, ఇంట్లో మా అమ్మ దగ్గర, ఆ తర్వాత కాఫీ కౌంటర్లో రాహేలమ్మ గారి దగ్గర అని చెబుతాను. చెప్పడం ఏమంత కష్టం కాలేదు. ఆ రోజు కూడా అయ్యేది కాదు.

రోజూ ప్రార్థనలో నాకు మేలు చేసినవాళ్లను పేరుపేరునా తలచుకుని కృతజ్ఞతలు చెప్పుకుంటాను. రాహేలమ్మ గారి పేరు దగ్గర గుండె నిండుతుంది. స్రవంతి పేరు వచ్చేసరికి, దానికి పని దొరికిందా తండ్రీ, అని మాత్రం అడుగుతాను.