క్యాసెట్ చివర నవ్విన అమ్మాయి

మొన్న గల్ఫ్ నుంచి బాబాయి పంపిన వాయిస్ మెసేజ్ పూర్తయ్యాక కూడా పిన్ని ఫోన్ చెవికి ఆనించుకునే కూర్చోవడం చూస్తే, రాజోలులో మా పాత టేప్ రికార్డరూ, అందులోంచి నవ్విన అమ్మాయీ గుర్తొచ్చారు.

అప్పట్లో బాబాయి ఉత్తరాలు రాసేవాడు కాదు. మాటలు క్యాసెట్లో నింపి ఊరికి వచ్చేవాళ్ల చేత పంపేవాడు. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, ఆయన "ఇటు వైపు" అని రాసిన వైపే పెట్టుకుని అందరం చుట్టూ కూర్చున్నాం. పేరుపేరునా క్షేమం అడిగి "ఉంటాను మరి" అన్నాడో లేదో, టక్కుమని చప్పుడై, గట్టి దరువు మీద ఒక అమ్మాయి కిలకిలా నవ్వింది. వెంటనే ఒక మగగొంతు కలిసింది.

"ఎవత్తే అది, నా కొడుకు గదిలో?" అంది నాయనమ్మ.

"రేడియో అయ్యుంటదిలే అమ్మా," అన్నారు నాన్న.

"రేడియోలో మనిషి చెవి పక్కనే నవ్వుద్దాండీ, బావగారూ?" అంది పిన్ని.

ఆ తరువాత ఆవిడ బాబాయికి జవాబు క్యాసెట్ నింపలేదు. ఆ చివరి ముక్కనే వెనక్కి తిప్పి వినేది, విన్నప్పుడల్లా మొహం ఇంకాస్త బిగుసుకునేది.

నాకు నిజం తెలుసు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు రెండో వైపు పెట్టి, గడియ వేసుకుని గంతులేసేదాన్ని. అది ఒక గాయకుల జంట చేసిన డాన్సు పాటల ఆల్బం. ఆ దరువును ఫంక్ అంటారని పెద్దయ్యాక చదివాను. పాటలు చెరిగిపోకుండా క్యాసెట్ అంచున ఉంచే బెజ్జంలో బాబాయి కాగితం కుక్కి, పాటల మీదే మాట్లాడేశాడు. ఆయన ఆపిన చోటి నుంచి పాత పాట అలాగే మిగిలిపోయింది. చెబితే నా గంతులు బయటపడతాయని డైరీలో రాసుకుని ఊరుకున్నాను.

అల్లవరంలోని పుట్టింటికి పోతానని పిన్ని పెట్టె సర్దుకున్న రోజు మాత్రం, క్యాసెట్ తిరగేసి, మీట నొక్కి, తలుపు వెనక్కి పరుగెత్తాను. పాట పాటకీ అదే నవ్వు, అదే జంట. పిన్ని పెట్టె మీద కూలబడి చాలాసేపు నవ్వింది.

"ఆ దేశంలో ఖాళీ క్యాసెట్టే దొరకలేదా ఈయనకి!" అని, ఉన్నట్టుండి తలుపు వెనకనున్న నావైపు తిరిగింది. "అవునే, ఈ వైపు సంగతి నీకెలా తెలుసు?"

నేను వీధిలోకి ఒకటే పరుగు. ఇప్పటి మెసేజ్‌లు మాట అవగానే తెగిపోతాయి, వెనకాల ఎవరూ నవ్వరు. అయినా పిన్ని ఇంకాసేపు వింటూనే ఉంటుంది. అది పాత అనుమానమో, ఆ పాట మీద బెంగో, అడిగే ధైర్యం నాకు ఇంకా రాలేదు.